ఒక్క దమ్ము

వార్డు తలుపు దగ్గర నిలబడి మా అత్తగారి సంచి వెతికాను. దువ్వెన, మాత్రల డబ్బా, మడతపెట్టిన తువ్వాలు, రెండు బత్తాయిలు, ఒక ఊలు శాలువా. శాలువా విప్పి, దులిపి మరీ చూశాను.

"ఈ వయసులో నన్ను దొంగను చేశావు కదమ్మా," అంది ఆవిడ, నలుగురికీ వినపడేలా.

"దొంగల్నయితే ఇంత మర్యాదగా వెతకరత్తయ్యా. లోపలికి రండి."

వెనకాల మా బావగారు, అంటే నా భర్తకు అన్న, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. "నన్ను కూడా వెతుకు. బూట్లు కూడా విప్పమంటావా?"

"బూట్లొద్దు. జేబులు చాలు."

జేబులో సిగరెట్ పెట్టె ఉంది. తీసి నర్సు బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు తీసుకోమన్నాను.

"పోలీసు ఉద్యోగం రావలసిన మనిషి, దారి తప్పి స్కూలు బస్సులో ఆయా అయింది," అన్నాడాయన తల్లితో. పక్క మంచం తాలూకు చుట్టాలు నవ్వారు.

నాకు కోపం రాలేదు. అంటే కొత్తగా రాలేదు. అప్పటికే ఉన్న కోపంలో అదీ కలిసిపోయింది, నిండు చెరువులో చెంబుడు నీళ్లు పోసినట్టు.

నా భర్త వడ్రంగి. తలుపులు, కిటికీలు చేసే షాపులో చాలాకాలంగా పనిచేస్తున్నాడు. అక్కడ అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, మిల్లీమీటరు అంటారు. ఏ చెక్క చూసినా "ఇంకో మిల్లీమీటరు తీయాలి" అంటాడు కాబట్టి. ఇంట్లో గోడ మీద అద్దం వేలాడదీయాలన్నా పెన్సిలు చెవిలో పెట్టుకుని ఒక పూటంతా కొలుస్తాడు. అంత కొలిచే మనిషి రంపం మిషను మీద ఉండే ఇనప మూత తీసేసి గోడవార పెట్టాడు. మూత ఉంటే గీత సరిగా కనపడదట. గీత కనపడింది. వేళ్లు కనపడలేదు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు తెగి రంపపు పొట్టులో పడ్డాయి.

షాపులో రంగులు, పాలిష్ వేసే స్నేహితుడొకడు ఉన్నాడు. అతన్ని అందరూ పాలిష్ అనే పిలుస్తారు. అతనే ఆ పొట్టులో మోకాళ్ల మీద పాకి వేళ్లు ఏరాడు. ఆసుపత్రికి ఫోన్ చేసి, వాళ్లు ఎలా చెబితే అలా తడిబట్టలో చుట్టి, కవరులో వేసి, ఆ కవరును ఐసు మీద పెట్టి తెచ్చాడు. ఐసు నేరుగా తగిలితే వేలు పాడవుతుందన్నారట, తగలనివ్వలేదు. ఉంగరపు వేలు నలిగి నుజ్జయిపోయింది, పనికిరాదన్నారు. మిగతా రెండూ అతికించారు.

ఆపరేషను అయ్యాక డాక్టరమ్మ బయటికొచ్చి కుర్చీలో కూలబడింది. చిన్న మనిషి, కళ్ల కింద గుంటలు. మా అందర్నీ దగ్గరికి రమ్మంది. తన జుట్టులోంచి ఒక వెంట్రుక పీకి నా అరచేతిలో పెట్టింది.

"నేను కుట్టిన దారం దీనికంటే సన్నం. రక్తనాళాలు కూడా అంతంతే. రక్తం వెళ్లేవి కలిపాను, వచ్చేవి కలిపాను, నరాలు కలిపాను. నా పని అయిపోయింది. ఇక మీ పని వినండి. ఇతను సిగరెట్టు తాగకూడదు. ఇతని పక్కన ఎవరూ తాగకూడదు. తాగి వచ్చినవాళ్లు ఇతని దగ్గర కూర్చోకూడదు. టీ వద్దు, కాఫీ వద్దు. చలి తగలకూడదు."

"టీ కూడా వద్దా?" అంది అత్తగారు, ఆపరేషను అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడవబోతూ.

"వద్దు. అన్నిటికంటే ముఖ్యం సిగరెట్టు. ఒక్కటి చాలు. నాళం ముడుచుకుపోతుంది. మళ్లీ తెరుచుకుంటే అదృష్టం, లేకపోతే వేలు చచ్చిపోతుంది. అర్థమైందా?"

"అదెంత పనండీ, మేం చూసుకుంటాం," అన్నాడు మా బావగారు. అంటూనే చేయి జేబు మీద వేసుకున్నాడు, అలవాటుగా. నేను చూశాను.

నేను స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే మనిషిని. వెనక సీటులో ఎవడి సంచిలో పిల్లికూన ఉందో, ఎవడు టిఫిను డబ్బా పారేసి తిన్నానని అబద్ధం చెబుతున్నాడో మొహం చూసి చెప్పగలను. ఆ రోజు నుంచి ఆసుపత్రిలోనూ అదే పని చేశాను. తేడా ఏమిటంటే, పిల్లలు దొరికిపోతే సిగ్గుపడతారు.

మొదటి కొన్నాళ్లు మందుల మత్తులో గడిచిపోయాయి. చేయి ఎత్తి స్టాండుకు కట్టారు. గదిలో హీటరు పెట్టారు, ఉక్కపోతకు అందరం ఉడికిపోయేవాళ్లం. నర్సు వచ్చి గంటగంటకూ ఆ రెండు వేళ్లూ చూసేది, గోరు నొక్కి వదిలేది, రంగు తిరిగొస్తుందా లేదా అని. నేనూ నేర్చుకున్నాను. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఎర్రబడాలి. వెచ్చగా ఉండాలి. ఆ ఎరుపు తిరిగి వచ్చేంతలో నా ఊపిరి నిలబడిపోయేది.

మత్తు తగ్గాక మొదలైంది అసలు బాధ.

"ఒక్క దమ్ము," అన్నాడు. "ఒకే ఒక్కటి. కిటికీ దగ్గర. పొగంతా బయటికి వదులుతాను."

"డాక్టరమ్మ ఏం చెప్పిందో విన్నావు కదా?"

"వాళ్లు అందరికీ అలాగే చెబుతారు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఏ చేత్తో పట్టుకుంటావు?"

అన్నాక అతని మొహం చూడలేకపోయాను. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే ఆ సందులోంచి సిగరెట్టు దూరుతుంది.

ఇంటిల్లిపాదికీ నేను రాక్షసినైపోయాను. బంధువులొచ్చి మంచం పక్కన కూర్చుని, "పాపం, ఎలా చిక్కిపోయాడో," అని, తర్వాత గొంతు తగ్గించి, "ఆ అమ్మాయి మరీ కఠినం," అనేవాళ్లు. గొంతు తగ్గించేది నాకు వినపడకూడదని కాదు, వినపడాలనే. పాలిష్ ఒకరోజు టర్పెంటైను, సిగరెట్టు వాసనలు రెండూ కలిపి కొట్టుకుంటూ వచ్చాడు.

"స్నానం చేసే వచ్చాను చెల్లెమ్మా."

"దేంతో చేశావన్నయ్యా, పొగతోనా?"

వెనక్కి పంపాను. మొహం, చేతులు కడుక్కుని, ఎవరిదో చొక్కా అరువు తెచ్చుకుని వచ్చాడు. ఆ చొక్కా అతనికి మోకాళ్ల దాకా వచ్చింది. నా భర్త అది చూసి నవ్వాడు, ఆపరేషను తర్వాత మొదటిసారి. ఆ నవ్వు చూసి పాలిష్ మీద కోపం కాస్త తగ్గించుకున్నాను. మనిషి మంచివాడే అనుకున్నాను.

మా బావగారు కూడా మారినట్టే కనిపించాడు. మంచం మీదే ఉంటే కాళ్లు పట్టేస్తాయని, సాయంత్రాలు తమ్ముణ్ణి మెల్లగా మెట్ల దాకా నడిపించి తెచ్చేవాడు. చేయి గుండెకు ఆనించి కట్టి, భుజం మీద తన చేయి వేసి. అన్నదమ్ములిద్దరూ అలా వరండాలో నడిచి వెళ్తుంటే, ఎంతైనా రక్తసంబంధం అనుకున్నాను.

ఒకరోజు మధ్యవేలు నీలంగా తిరిగింది. ఉబ్బింది. రక్తం లోపలికి వెళ్తోంది కానీ బయటికి రావడం లేదంది డాక్టరమ్మ. జలగలు తెప్పించింది. నిజం జలగలే, గాజు సీసాలో. నర్సు పట్టకారుతో ఒకదాన్ని తీసి వేలి కొన మీద వదిలింది. అది పట్టుకుని చెడ్డరక్తం తాగి లావెక్కి, పుచ్చకాయ గింజలా ఉన్నది కాస్తా ద్రాక్షపండంత అయింది.

మా అత్తగారు వరండాలోకి వెళ్లిపోయి గోడకు ఆనుకుంది. "నా కొడుకు రక్తం పురుగులకు తాగించడానికా చదువుకున్నారు వీళ్లు? అది మనిషా, మంత్రగత్తా?"

"అది తాగితేనే వేలు బతుకుతుందట అత్తయ్యా."

"నువ్వు ఊరుకో. వాడి ప్రాణం తోడేసే జలగవి నువ్వొకత్తెవి చాలవూ, ఇవి కూడా కావాలా?"

ఆ సాయంత్రానికి వేలు మామూలు రంగులోకొచ్చింది. నేను ఆవిడ దగ్గరికి వెళ్లి, "మీ కోడలు, ఈ పెద్ద జలగ ఓడిపోయిందత్తయ్యా, చిన్న జలగలు గెలిచాయి," అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆ ఒక్క సాయంత్రం నాకు అంతా సర్దుకుంటుందనిపించింది.

తర్వాత స్కూలువాళ్లు ఫోన్ చేశారు. సాయంత్రం ట్రిప్పుకు మనిషి లేదు, ఒక్కపూట వచ్చి పొమ్మన్నారు. సెలవు మీద సెలవు పెట్టాను, కాదంటే ఉద్యోగం ఉండదు. అత్తగారిని మంచం పక్కన కూర్చోబెట్టాను.

"ఎవరినీ రానివ్వకండి. అడిగినా ఇవ్వకండి. ఏడ్చినా ఇవ్వకండి."

"నాకు తెలీదా? కన్నతల్లిని," అంది.

తిరిగొచ్చేసరికి గదిలో అత్తర్లు చల్లినట్టు ఫినాయిలు వాసన. నా భర్త పడుకుని ఉన్నాడు, కళ్లు గట్టిగా మూసుకుని. నిజంగా నిద్రపోయేవాడి కళ్లు అంత గట్టిగా ఉండవు. బుగ్గలో ఏదో కదిలింది. దగ్గరికి వెళ్లాను. పిప్పరమెంటు వాసన.

బస్సులో పెద్ద క్లాసు కుర్రాళ్లు చేసే పని అది. పిప్పరమెంటు చప్పరిస్తే పొగ పోతుందనుకుంటారు. పోదు. రెండూ కలిసి ఇంకా కంపు కొడతాయి.

చూపుడువేలు గోరు నొక్కాను. తెల్లబడింది. వదిలాను. తెల్లగానే ఉంది. చూస్తూ నిలబడ్డాను, ఎర్రబడుతుందేమోనని. మైనం వేలులా ఉండిపోయింది. ముట్టుకుంటే చల్లగా, తలుపు గొళ్లెం ముట్టుకున్నట్టుంది.

నర్సును కేకేశాను. డాక్టరమ్మ పరుగున వచ్చింది. వేలిని చూసి, సూదితో పొడిచింది. రక్తం రాలేదు. తలెత్తి మమ్మల్ని చూసింది.

"సిగరెట్టు తాగాడా?"

"లేదండీ," అంది అత్తగారు.

"నేనా?" అన్నాడు నా భర్త. "లేదండీ. ఈ మధ్య అసలు కోరికే లేదు."

"నిజం చెప్పండి. తెలిస్తే ఒక మందు, తెలియకపోతే ఒక మందు. నాకు టైము లేదు."

"ఒట్టు," అంది అత్తగారు.

"తాగాడు డాక్టరమ్మా," అన్నాను. "ఇంకా నోట్లో పిప్పరమెంటు ఉంది. కరగలేదు."

అత్తగారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ కొడుకును నేనేదో రోడ్డు మీద బట్టలిప్పి నిలబెట్టినట్టు. డాక్టరమ్మ మంచం చక్రాల గొళ్లెం తన కాలితోనే తన్ని తీసి, నర్సుతో కలిసి తోసుకుంటూ వెళ్లిపోయింది. గదిలో మంచం ఉన్నచోట ఖాళీ నేల మిగిలింది. ఆ ఖాళీకి అటు ఆవిడ, ఇటు నేను.

"ఎవరిచ్చారు?"

ఆవిడ కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"అత్తయ్యా, ఎవరిచ్చారు?"

"కింద కొట్లో కొన్నాను. ఒక్కటే కొన్నాను. పెట్టె కూడా కాదు."

"ఎందుకు?"

"ఏడ్చాడమ్మా! నా చేయి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వు రాయివి, చూస్తూ ఊరుకుంటావు. నేను కన్నదాన్ని. తొమ్మిది నెలలు మోశాను వాణ్ణి."

"మోశారు. ఇంకా దించలేదు. దించి ఉంటే తన కాళ్ల మీద తాను నిలబడేవాడు."

"నోరు మూసుకో."

"మూసుకోను. ఇన్నాళ్లూ మూసుకున్నాను. జ్వరమొస్తే మందు చేదని తేనె కలిపి ఇచ్చారు, ఊరుకున్నాను. పని మానేసి పడుకుంటే ఒళ్లు నొప్పులు పాపం అన్నారు, ఊరుకున్నాను. రంపం మూత తీసేశాడని తెలిసి నేను కేకలేస్తే, వాడి పని వాడికి తెలీదా అన్నారు. మీ ముద్దుకు మూడు వేళ్లు పోయాయి. రెండు తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి మీరు పొగలో కలిపేశారు."

ఆవిడ కుర్చీలో కూర్చుని చేతుల్లో మొహం దాచుకుంది. ఓదార్చాలనిపించలేదు. వరండాలోకి వెళ్లి గోడను అరచేత్తో కొట్టాను, చేయి మండేదాకా. దారినపోయే ఆయా ఒకామె ఆగి చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది. రోజూ చూసేదే కాబోలు.

మళ్లీ తెరిచారు. కాలిలోంచి రక్తనాళం ముక్క తీసి వేశారట. నిలబడలేదు. చూపుడువేలు తెలుపు నుంచి నీలానికి, నీలం నుంచి నలుపుకు తిరిగింది. కొన నుంచి మొదలై ఎండు మిరపకాయలా ముడుచుకుంది. చివరికి తీసేయక తప్పదంది డాక్టరమ్మ. తీసేశారు.

మధ్యవేలు బతికే ఉంది. అదొక్కటే.

తీసేసిన మర్నాడు మా బావగారు షాపు మనుషులు కొంతమందిని వెంటేసుకుని వచ్చాడు. వార్డు బయట డాక్టరమ్మను అడ్డగించాడు. గొంతు ఆసుపత్రంతా వినపడేలా ఉంది.

"అతికిందన్నారు, బతికిందన్నారు. ఇప్పుడు కోసి పారేశారు. మా తమ్ముడు వడ్రంగి, చూపుడువేలు లేకుండా ఉలి ఎలా పట్టుకుంటాడు? కుట్టడం చేతకానప్పుడు ఎందుకు కుట్టారు? సమాధానం చెప్పి కదలండి."

"అవును, చెప్పాలి," అన్నారు వెనకున్నవాళ్లు. పాలిష్ వాళ్ల వెనక నిలబడి నేల చూస్తున్నాడు. అతనొక్కడే అరవలేదు.

డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "చెప్పాను. సిగరెట్టు వద్దని మొదటిరోజే చెప్పాను."

"అమ్మ ఇచ్చింది ఒక్కటి! తెలియక ఇచ్చింది, పెద్దది. ఒక్క సిగరెట్టుకు వేలు ఊడిపోతుందా? అలాగయితే ఈ ఊళ్లో ఎవరికీ వేళ్లుండవు. మీ తప్పు మా అమ్మ నెత్తిన రుద్దుతున్నారు."

అత్తగారు ఒక మూల నిలబడి ఉంది. ఆవిడ మీద నాకెంత కోపమున్నా, ఆ మాట మాత్రం నన్ను కూడా ఆపింది. నిజమే, ఒక్కదానికి ఇంత జరిగిందా? డాక్టరమ్మ చేతిలోనే ఏదైనా తేడా జరిగిందా? తెల్లబడిన వేలు నా కళ్ల ముందుకొచ్చింది. పిప్పరమెంటు వాసన వచ్చింది. నేను లోపలికి వెళ్లాను.

నా భర్త మంచం అంచున కూర్చుని ఉన్నాడు. బయటి మాటలన్నీ అతనికి వినపడుతూనే ఉన్నాయి. ఎత్తిపెట్టిన చేతిలో మిగిలిన వేలినే చూస్తున్నాడు.

"లే," అన్నాను.

"ఎక్కడికి?"

"బయటికి. మీ అన్న అరుస్తున్నాడు. నీ వేలి కోసం అరుస్తున్నాడు. వచ్చి ఏం జరిగిందో చెప్పు."

"ఇప్పుడెందుకు..."

"ఎందుకంటే మిగిలిన వేలు చూడాల్సింది ఆవిడే. ఆవిణ్ణి తరిమేస్తే ఎవరు చూస్తారు? మీ అన్నా? లే."

తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అందరూ అతని వైపు తిరిగారు. మా బావగారి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నువ్వెందుకు లేచావురా? పడుకో. మేం చూసుకుంటాం కదా."

"ఒకటి కాదు," అన్నాడు నా భర్త.

"ఏమిటి?"

"సిగరెట్టు. ఒకటి కాదు. అమ్మ ఒకటి ఇచ్చింది. అంతకు ముందు..." గుటక వేశాడు. "పాలిష్ ఒకటి ఇచ్చాడు, బాత్రూములో. దానికి ముందు నువ్వు ఒకటిచ్చావు కదన్నయ్యా. మెట్ల దగ్గర."

పాలిష్ తల ఇంకా కిందికి దించాడు.

"ముగ్గురికీ ఇదే మొదటిది అని చెప్పాను," అన్నాడు. "ఎవరికి వాళ్లకి ఒక్కటే."

మెట్ల దాకా నడక. భుజం మీద చేయి. రక్తసంబంధం. మోకాళ్ల దాకా వచ్చిన ఆ అరువు చొక్కా గుర్తొచ్చింది. దాని జేబులు వెతకలేదు నేను, నవ్వు చూసి మోసపోయి.

"ఒక్కటే కదా అనుకున్నాను," అన్నాడు మా బావగారు. ఇందాకటి గొంతు ఎటు పోయిందో. "వాడు అంతగా బతిమాలాడు. ఒక్క దమ్ముకు ఏమవుతుందిలే అనుకున్నాను."

"నేనూ అంతే చెల్లెమ్మా," అన్నాడు పాలిష్.

"అవును, అందరూ అంతే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను సంచులు వెతికాను, జేబులు వెతికాను, వచ్చిన ప్రతి మనిషినీ కుక్కలా వాసన చూశాను. రాక్షసిననిపించుకున్నాను, పోలీసుననిపించుకున్నాను, జలగననిపించుకున్నాను. మీరంతా దేవుళ్లు. అడిగిన వెంటనే వరమిచ్చే దేవుళ్లు. ముగ్గురు దేవుళ్లు, మూడు సిగరెట్లు, ఒక వేలు. ఇప్పుడొచ్చి ఈవిడ మీద పడి అరుస్తున్నారా? అన్నయ్యా, పొట్టులో పాకి ఆ వేలు ఏరి తెచ్చినవాడివి నువ్వే కదా! తెచ్చిన చేత్తోనే ఎలా చంపావు?"

పాలిష్ గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఏడుపు చూసి నా కోపం దిగలేదు. ఇంకా పెరిగింది. ఈ ఇంట్లో ఎవరు ఏడిస్తే వాళ్ల పని జరిగిపోతుంది.

డాక్టరమ్మ అంది: "ఒకటా మూడా అన్నది నేను తేల్చి చెప్పలేను. మొదటిదానికే పోయి ఉండొచ్చు. ఒక్కటీ తాగకపోయినా పోయి ఉండొచ్చు, కొన్ని పోతాయి. ఆ సంగతి తెలుసుకునే దారి కూడా మీరు లేకుండా చేశారు. మధ్యవేలు ఉంది. అరిచే ఓపికుంటే దాన్ని చూసుకోండి." అని వెళ్లిపోయింది. మా బావగారు ఆమెకు దారి ఇచ్చాడు, గోడకు అంటుకుపోయి.

షాపు మనుషులు ఒకరి తర్వాత ఒకరు జారుకున్నారు. మిగిలింది మేమే. మా బావగారు తల గోక్కున్నాడు.

"సరేనమ్మా. తప్పయింది. ఇకనుంచి మేమెవరం దగ్గరికి రాం. నువ్వు ఎలా చెబితే అలా. నువ్వే చూసుకో."

అందరూ నా వైపు చూశారు. అత్తగారు, బావగారు, పాలిష్, నా భర్త. అంతా తేలికపడినట్టు. తాళాలు మళ్లీ నా చేతికొచ్చేశాయి, ఇక ఎవరికీ భయం లేదు. తప్పు చేస్తే పట్టుకోవడానికి నేనున్నాను కాబట్టి మళ్లీ ప్రయత్నించవచ్చు.

"నేను చూడను," అన్నాను.

"అంటే?"

"రేపు పొద్దున్నే నాకు బస్సుంది. రోజూ ఉంది. సాయంత్రం భోజనం తెస్తాను. సంచులు వెతకను. ఎవరి నోరూ వాసన చూడను."

నా భర్త మొహం పాలిపోయింది. "నువ్వు లేకపోతే నేను ఆగలేను. నా సంగతి నీకు తెలుసు."

"తెలుసు. నీకూ తెలుసు. చేయి నీది, వేలు నీది, నోరు నీది. ఇన్నాళ్లూ నీ వేలికి నేను కాపలా, నీ నోటికి అందించడానికి వీళ్లు. నువ్వు మధ్యలో చుట్టంలా పడుకున్నావు."

"కోపంలో అంటున్నావు."

"కోపంలోనే అంటున్నాను. దిగాక కూడా ఇదే అంటాను. ఆగి చూడు, కావాలంటే."

అత్తగారు నోరు తెరిచింది. "వాడికి ఆ ఒక్క వేలు కూడా పోతే..."

"పోతే పోతుందత్తయ్యా," అన్నాను. అనడం తేలిక. మెట్లు దిగాను. కింద గేటు దగ్గర ఎవరో సిగరెట్టు ముట్టించారు, ఆ పొగ నా మొహానికి తగిలింది. వెనక్కి వెళ్లి తలుపు దగ్గర కూర్చోవాలనిపించింది. వెళ్లలేదు. వెళ్తే ఇక జన్మంతా ఆ తలుపు దగ్గరే.

ఆ రాత్రి ఇంటికెళ్లి పడుకున్నానే గానీ కన్ను మూతపడలేదు. ఉదయం బస్సులో పిల్లలు అడిగారు, "ఆయమ్మా, అంకుల్‌కి వేళ్లు మొలిచాయా?" అని. "ఒకటి మొలిచింది, నోరు మూసుకుని కూర్చోండి," అన్నాను. రోజూ పోట్లాడుకునే ఇద్దరు అక్కాచెల్లెళ్లను విడదీసి చెరో చివర కూర్చోబెట్టాను. ఒకడు చెప్పు కిటికీలోంచి పారేశాడు. మామూలు రోజే. చేతులు పని చేస్తున్నాయి, మనసంతా ఆ గోరు మీద ఉంది. నొక్కితే తెల్లబడాలి, వదిలితే ఎర్రబడాలి. ఎవరు నొక్కుతున్నారు?

స్కూలు గేటు దగ్గర అందర్నీ దించాక ఫోన్ మోగింది. అతనే.

"నేనే చూశాను," అన్నాడు. "నొక్కి చూశాను. ఎడమచేత్తో. ఎర్రగానే వచ్చింది. వెచ్చగా ఉంది."

"నర్సుకు చెప్పు."

"చెప్పాను. అన్నయ్య వచ్చాడు. మెట్లదాకా వెళ్దాం రా అన్నాడు. రానన్నాను."

అటునుంచి ఊపిరి వినపడుతోంది, పరుగెత్తి వచ్చిన మనిషిలా.

"చాలా కష్టంగా ఉంది," అన్నాడు. "నిన్నటి నుంచి ఒళ్లంతా పీకుతోంది. దుప్పటి కొరుకుతున్నాను."

"కొరుకు."

"ఇంకా కోపంగా ఉన్నావా?"

"ఉన్నాను."

"సాయంత్రం వస్తావా?"

"వస్తానని నిన్ననే చెప్పాను కదా. భోజనం తెస్తాను. కలిపి నోట్లో పెట్టను, నువ్వే తింటావు. పడితే పడుతుంది, తుడుచుకుంటావు."

"సరే," అన్నాడు.

డ్రైవరు హారను కొట్టాడు. ఫోన్ పెట్టేసి బస్సెక్కాను. వెనక సీటు కింద ఎవరిదో సాక్సు దొరికింది, ఒక్కటే. దాన్ని ముందు కమ్మీకి ఆరేసి, సీట్లు దులపడం మొదలుపెట్టాను.